దారిని బట్టి మూట

ఏ బ్యాగు కొనమంటారు, ఏ టెంట్ మంచిదంటారు అని అడిగేవాళ్లు అప్పుడప్పుడూ తగులుతుంటారు. ఎటు నడుస్తున్నారు, ఏ నెలలో అని నేను ఎదురడుగుతాను. చాలామంది దగ్గర దానికి జవాబుండదు. బ్యాగు మాత్రం అప్పటికే ఫోన్లో కార్టులోకి ఎక్కి కూర్చుని ఉంటుంది.

వాళ్లననీ లాభం లేదు. రోజుల తరబడి మూట మోసుకుంటూ నడిచే నడక గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం మంచు పడే దేశాల్లో పుట్టినవే. అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 4,200 కిలోమీటర్లకు పైగా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే కాలిబాట ఉంది. దాన్ని మళ్లీ మళ్లీ నడిచిన రే జార్డిన్ అనే ఆయన 1990ల మొదట్లో ఒక పుస్తకం రాసి, బరువు తగ్గించుకోండి, బూట్లు మానేసి తేలిక జోళ్లు వేసుకోండి అని గట్టిగా చెప్పాడు. తిండి, నీళ్లు కాకుండా మిగిలిన మూట నాలుగున్నర కిలోలు దాటకూడదన్నది ఇవాళ అక్కడి తేలిక నడకవాళ్ల లెక్క. ఆ లెక్క మనకూ పనికొస్తుంది. వాళ్ల సామాను జాబితా మాత్రం పనికిరాదు. ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా, మంచులో జోళ్లకు బిగించే ఇనుప ముళ్లు పెట్టుకుని భువనగిరి గుట్టల్లో ఏం చేస్తాం? మన నల్లమలలోనూ ఎలుగులున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, పులులూ ఉన్నాయి. అందుకే అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా టెంట్ వెయ్యనివ్వరు.

మనవాళ్లలో ఈ విద్య ఎరిగిన పెద్దమనిషి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేశారు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంబడి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట దాదాపు వందమంది పరివారం, పల్లకీ, బోయీలు, డేరాలు. తేలిక నడక అనడానికి ఎక్కడా వీల్లేదు. అయినా 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదువుతుంటే నాకు సామాను పుస్తకం చదువుతున్నట్టే ఉంటుంది. మజిలీ మజిలీకీ ఆయన రాసిపెట్టుకున్నదేమిటి? ముందు ఊరు ఎంత దూరం, దారి రాతిదా ఇసుకదా, నీళ్లు మంచివేనా, దిగడానికి నీడ ఉందా, అంగళ్లలో ఏం దొరుకుతాయి. అంతే.

ఈ నాలుగైదు సంగతులు ముందే తెలిస్తే మూటలో సగం దానంతటదే తగ్గిపోతుంది. ఎనిమిది కిలోమీటర్లలో బోరింగు ఉందని తెలిసినవాడు ఒక లీటరుతో బయల్దేరతాడు. తెలియనివాడు నాలుగు లీటర్లు మోస్తాడు. తేడా మూడు కిలోలు. టెంట్‌లో అంత బరువు తగ్గించుకోవాలంటే ఎన్ని వేలు పొయ్యాలో కొన్నవాళ్లనడగండి.

అందుకని నా మటుకు నాకు మొదటి సామాను మ్యాపు. హైదరాబాదులో నాచారం, ఉప్పల్ వాళ్లం ఈ విషయంలో చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికే రకం. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ఆవరణ పక్కనుంచే రోజూ బస్సుల్లో పోతుంటాం, లోపల ఏం చేస్తారో తెలియదు. 1767లో మొదలైన ఆ సంస్థ 1:50,000 మ్యాపులో సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. చెరువులు, బావులు, గుళ్లు, బండిబాటలు, గుట్ట ఎత్తును చూపే గీతలు అన్నీ అందులో ఉంటాయి. ఓపెన్ సిరీస్ మ్యాపులను 2017లో నక్షే అనే పోర్టల్‌లో ఉచితంగా పెట్టారు కూడా. ఫోన్ మ్యాపు బిర్యానీ సెంటర్లను చూపించినంత బాగా గుట్ట వాలును చూపించదు. ఒక్క జాగ్రత్త. మ్యాపులో నీలంగా మెరిసే చెరువు ఏప్రిల్‌లో నెర్రెలిచ్చి ఉండొచ్చు. ముందు ఊళ్లో గొర్లకాపరిని అడగాల్సిందే. అతనికి తెలిసినంత నీటి వివరం ఏ మ్యాపులోనూ ఉండదు.

ఈ సర్వేవాళ్ల పాత కథ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఎవరెస్ట్ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ 1818లో, దేశాన్ని కొలిచే పెద్ద సర్వే నడుపుతున్న లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదు వచ్చాడు. మరుసటి ఏడాది కృష్ణా, గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు వేస్తుండగా జ్వరం పట్టి మంచాన పడ్డాడు. ఒంట్లో సత్తువ కూడదీసుకోవడానికి 1820లో ఆఫ్రికా దక్షిణ కొనకు ఓడెక్కి పోవాల్సి వచ్చింది. ఆ కాలంలో అలాంటి జ్వరాలను అడవి గాలికి అంటగట్టేవారు. మలేరియాను మోసేది దోమేనన్న దారి 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే దొరికింది. రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూసింది ఇక్కడే.

కాబట్టి దక్కనులో టెంట్ అంటే ముందు దోమతెర, ఆ తర్వాతే గుడ్డ. రెండు పొరల టెంట్ తీసుకుని, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాన సూచన లేని రాత్రుల్లో పై పొర విప్పేసి లోపలి జాలీతోనే పడుకోండి. చుక్కలు కనిపిస్తాయి, చెమట పట్టదు. చెరువు గట్టు మీద మాత్రం వద్దు. అక్కడ దోమలూ ఎక్కువే, మంచూ ఎక్కువే, తెల్లారేసరికి అన్నీ తడిసి బరువెక్కుతాయి. పై పొర వెయ్యక తప్పని రాత్రి గాలి కిటికీలు మూయకండి. మన ఊపిరే లోపలి గుడ్డకు పట్టి నీళ్లై కారుతుంది. టెంట్ లీకవుతోందని దుకాణం మీదికి పోయేవాళ్లలో చాలామంది టెంట్లు లీకవ్వవు.

ఇంకొకటి, మేకులు. మన నేల సంగతి ఆ టెంట్ కుట్టినవాడికి తెలియదు. రెండంగుళాల మట్టి కింద బండ. మేకు దిగదు, వంగుతుంది. కడ్డీలతో తనంతట తాను నిలబడే టెంటే కొనుక్కోవాలి. తాళ్లను రాళ్లకు కట్టడం నేర్చుకోవాలి. దీనికో చిన్న కిటుకుంది. తాడు కొసను పిడికెడంత రాయికి కట్టి, దానికి ముందు, టెంట్ వైపు, తలకాయంత రాయి పెట్టాలి. గాలికి తాడు లాగినప్పుడు చిన్నరాయి వచ్చి పెద్దరాయికి ఆనుకుని ఆగిపోతుంది. పెద్దరాయికే తాడు చుడితే ఒరిపిడికి తెల్లారేలోగా తెగుతుంది. ఎండాకాలం అసలు బండ మీద పడకే వద్దు. పగలంతా కాగిన గ్రానైటు అర్ధరాత్రి దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. చెట్టుకింద మట్టి చూసుకోండి. మట్టి మీద పడుకోవడానికి గాలి ఊదే పరుపులు తెచ్చుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఒక్క తుమ్మముల్లు చాలు. మడతపెట్టే ఫోమ్ చాప ముళ్లు గుచ్చుకున్నా చాపగానే ఉంటుంది, ధరా తక్కువ.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు అంకెలు వేస్తారు, ఒకటి కంఫర్ట్, ఇంకోటి లిమిట్. చూసి కొనాల్సింది మొదటిది. రెండో అంకె దగ్గర ముడుచుకుని పడుకుంటే ఎలాగో నిద్ర పడుతుంది, అంతవరకే హామీ. మన చలికాలపు రాత్రులకు 10 డిగ్రీల కంఫర్ట్ చాలు. మార్చి నుంచి దుప్పటి కూడా ఎక్కువే. హిమాలయాలకు పోయేవాళ్లు చలి సామాను అక్కడ అద్దెకు తీసుకోవడం మేలు. ఏడాదికోసారి వాడేదాన్ని ఇంట్లో నొక్కి చుట్టిపెడితే లోపలి దూది అణగిపోయి, కొన్ననాటి వెచ్చదనం మళ్లీ రాదు.

ఇక బ్యాగు. కొనేముందు దాన్ని తిరగేసి కుట్లు చూడమని నాకు నేర్పింది ట్రెక్కింగ్ గురువెవరూ కాదు. నాచారం పారిశ్రామికవాడ దగ్గర బైకు సీట్లకు కవర్లు కుట్టే ఆయన. భుజం పట్టీ మొదలు దగ్గర దారాలు లేస్తున్నాయని ఒక బ్యాగు పట్టుకెళ్లాను. దాన్ని లోపలికి తిప్పి వేలితో కుట్టు వెంబడి తడిమాడు. పాత దారమంతా బ్లేడుతో విప్పేశాడు. కారు సీటుబెల్టు ముక్కొకటి వెతికి పట్టీ కింద ఆసరాగా పెట్టాడు. ముందు నాలుగు వైపులా చతురస్రంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు అడ్డంగా రెండు గీతలు వేశాడు. నైలాన్ దారం కొసను లైటరుతో కాల్చి, మెత్తగా ఉండగానే బొటనవేలితో అదిమాడు. చూస్తుండగానే అయిపోయింది.

"కొత్త బ్యాగే కదన్నా" అన్నాను.

"ఇది అమ్మేటందుకు కుట్టిండ్రు సార్, మోసేటందుకు గాదు" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆ అడ్డగీతల కుట్టు భుజం పట్టీలకు, నడుము పట్టీకి ఉందో లేదో చూస్తే చాలు, బ్యాగు రకం సగం తెలిసిపోతుంది. మిగతా సగం నడుము. బరువు మోయాల్సింది భుజాలు కాదు, తుంటి ఎముకలు. ముందు నడుము పట్టీని తుంటి ఎముక పైఅంచుకు బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగాలి. మనవాళ్లు భుజాలకు ముందు బిగించి నడుము పట్టీని అలంకారంగా వేలాడదీస్తారు. బరువైనవి వీపుకు ఆనేట్టు మధ్యలో, పక్కబట్టలు అడుగున, వానకోటు అన్నిటికన్నా పైన. నలభై లీటర్ల బ్యాగు మన నేలకు ధారాళంగా సరిపోతుంది. అరవై లీటర్లది కొంటే దాన్ని నింపేదాకా చేతులు ఊరుకోవు.

పాదాల గురించి తెలుసుకోవాలంటే ఉగాది ముందు ఆత్మకూరు వైపు వెళ్లి చూడాలి. కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చే మల్లన్న భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం ఎక్కుతారు. వీరాస్వామయ్య దాటిన అడవే అది. కొందరు మరకాళ్ల మీద కూడా వస్తారు. వాళ్ల దగ్గర ఉండేది గుడ్డ సంచి, తువ్వాలు, నీళ్ల సీసా. దారి పొడవునా అన్నదానాలుంటాయి కాబట్టి గిన్నెలూ పొయ్యీ అక్కర్లేదు. చీకటితోనే లేచి ఎండెక్కేదాకా నడుస్తారు, మిట్టమధ్యాహ్నం నీడలో ఒరుగుతారు, పొద్దు వాలాక మళ్లీ లేస్తారు. బొబ్బలెక్కిన కాళ్లకు గుడ్డపీలికలు కట్టుకుని నడిచే ఆ ఓర్పు అందరికీ ఉండదు. మనబోటివాళ్లం బొబ్బ రాకముందే ఆపుకోవాలి. జోడు ఎక్కడ రాసుకుంటూ వేడెక్కినట్టనిపించిందో అక్కడే ఆగి, కాలు ఆరబెట్టి, టేపు వెయ్యాలి. ఊరు రానీ చూద్దాం అనుకుంటే ఊరొచ్చేసరికి బొబ్బా వస్తుంది. సాక్సులు రెండు జతలు చాలు, ఒకటి కాలికి, ఇంకోటి బ్యాగు వెనక ఎండకు. జోళ్లు వేసుకునేముందు ప్రతి పొద్దున బోర్లించి దులపండి, తేళ్లకు లోపలి చీకటి ఇష్టం. మధ్యాహ్నం నడవక తప్పకపోతే గొడుగు తెరవండి. ఏ ఎండకా గొడుగు పట్టేవాణ్ని లోకం తిడుతుంది గానీ, ఈ నడకలో గట్టెక్కేది వాడే.

వాగు నీళ్లు ఫిల్టరులో పోసి తాగెయ్యొచ్చని పడమటి పుస్తకాలు భరోసా ఇస్తాయి. నాగోలు వంతెన మీద ఒక్క నిమిషం నిలబడి మూసీ వాసన చూసినవాళ్లకు ఆ భరోసా ఎక్కదు. చేతిలో పట్టే ఫిల్టరు క్రిములను ఆపుతుంది. నీళ్లలో కరిగిపోయిన రసాయనాలను ఆపలేదు. మరగబెట్టినా అంతే. కాబట్టి నగరం దిగువన మూసీ నీళ్లూ, ఫ్యాక్టరీల పక్క కుంటలూ ఫిల్టరు ఉన్నా ముట్టకండి. ఊళ్లో కుళాయి నీళ్లో, పొలాల్లో బోరు నీళ్లో పట్టుకుని క్లోరిన్ బిళ్ల వేసి, చీటీ మీద రాసినంత సేపు ఆగి తాగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎండాకాలం మందుల సంచిలో కాదు, చేతికందే జేబులో ఉండాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. అటుకులు, బెల్లం, పల్లీలు, పుట్నాల పొడి, సత్తుపిండి ఉన్నచోట పొయ్యి మొయ్యడం దండగ. వంద గ్రాముల పల్లీల్లో 560 క్యాలరీలకు పైనే ఉంటాయి, చాలా దిగుమతి బార్లు దాని తర్వాతే. గ్యాసు డబ్బాలను విమానంలోనూ రైల్లోనూ తీసుకెళ్లనివ్వరు. అడవిలో మంట నేరం. టీ లేకపోతే తల పగిలేవాళ్లు ఊరి హోటలు తెరిచే వేళకు నడక సర్దుకోవాలి.

సామానంతా కొన్నాక ఒకసారి ఉప్పల్ నుంచి యాదగిరిగుట్టకు నడవండి. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, రాయగిరి. హైవే మీద లారీల పక్కన నడవకుండా, మ్యాపు చూసి ఊళ్లమధ్య బాటలు పట్టుకోండి. రెండు మూడు రోజుల పని. భువనగిరిలో కోట ఉన్న ఏకశిల మీదే మాలావత్ పూర్ణ కొండలెక్కడం మొదలుపెట్టింది, 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఏదైనా తేడా వస్తే అరగంటలో ఉప్పల్ బస్సు దొరుకుతుంది, అదే ఈ దారిలోని సుఖం. సగంలో బస్సెక్కినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంటికొచ్చిన రోజే టెంట్‌ను డాబా మీద ఆరేయండి. తడిగా చుట్టిపెడితే బూజు పడుతుంది, లోపలి పూత జిగురుగా మారి పెచ్చులూడుతుంది. బ్యాగును నేలమీద గుమ్మరించి మూడు కుప్పలు చెయ్యండి. రోజూ వాడినవి, అప్పుడప్పుడూ వాడినవి, బయటికే తియ్యనివి. మూడో కుప్పను ఈసారి ఇంట్లో వదిలెయ్యండి, మందుల సంచి, విజిల్, టార్చిలైటు తప్ప. అవి వాడకుండా తిరిగొస్తే సంతోషించి మళ్లీ బ్యాగులోనే పెట్టెయ్యండి, టార్చి బ్యాటరీ మార్చి.