మేడ మీది కెమెరా, చేలో కెమెరా

మానవ భూగోళశాస్త్రం చెప్పే మాస్టారు తానే ఊళ్లోకి వెళ్లి వీడియో తీసుకొచ్చి తరగతిలో చూపడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు, ఫోన్ జేబులోనే ఉంది. కానీ అలా తీసిన చాలా వీడియోల్లో వెనక సంత సాగుతూ ఉంటుంది, ముందు మాస్టారు నిలబడి సంతకు నిర్వచనం అప్పజెబుతుంటారు. ఆ నిర్వచనానికి ఎండలో అంతదూరం వెళ్లక్కర్లేదు. ఇక ప్రదేశాలను అందంగా చూపడంలో పెద్ద సంస్థలతో ఆయన ఎలాగూ పోటీపడలేరు. 1996లో అమెరికాలో వచ్చిన ‘ద పవర్ ఆఫ్ ప్లేస్’ వీడియో సిరీస్ 26 భాగాల్లో ప్రపంచ ప్రాంతాలన్నీ చుట్టివచ్చింది, మన ఢిల్లీ రద్దీతో సహా. అయితే అందులో ఎక్కువగా వినిపించేది తేలిన విషయమే. అది ఎలా తేలిందో కనిపించేది తక్కువ.

మాస్టారి వీడియోకు బలం ఉండాల్సింది సరిగ్గా అక్కడే. కనుక్కునే పద్ధతిని తెర మీద పెట్టిన రెండు చిత్రాలను పక్కపక్కన చూస్తే ఈ బలం ఎక్కడిదో అర్థమవుతుంది. ఒకటి న్యూయార్క్‌ది, మరొకటి మన వరంగల్‌ది.

న్యూయార్క్ చిత్రం తీసిన విలియం హెచ్. వైట్ మొదట పత్రికా రచయిత. ‘ది ఆర్గనైజేషన్ మ్యాన్’ (1956)తో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత హంటర్ కాలేజీలో ప్రొఫెసర్‌గా ఉన్నాడు. ఆయన్ను పట్టుకున్న ప్రశ్న చాలా మామూలుది. న్యూయార్క్ నగరం 1961 జోనింగ్ నియమాల ప్రకారం భవనం ముందు ఒక చదరపు అడుగు ఖాళీ జాగా (ప్లాజా) వదిలిన బిల్డరుకు పది చదరపు అడుగుల అదనపు అంతస్తు దక్కేది. జాగాలైతే వచ్చాయి. వాటిలో కొన్ని మధ్యాహ్నం జనంతో కిటకిటలాడుతుంటే, కొన్ని బోసిగా పడి ఉండేవి. ఎందుకు? కుర్ర పరిశోధకుల బృందంతో వైట్ మేడల మీద కెమెరాలు బిగించాడు. కింద నోటుపుస్తకాలతో మనుషులను నిలబెట్టాడు. ఎవరెక్కడ కూర్చుంటున్నారు, ఎంతసేపు కూర్చుంటున్నారు, ఒంటరిగా వచ్చారా జంటగా వచ్చారా అని లెక్క రాయించాడు. 1980లో ‘ద సోషల్ లైఫ్ ఆఫ్ స్మాల్ అర్బన్ స్పేసెస్’ అన్న పేరుతోనే పుస్తకమూ చిత్రమూ వచ్చాయి.

ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఊహలు కూలిపోవడం. ఎండ పడే చోటే జనం చేరతారని మొదట అనుకున్నారు. వసంతంలో లెక్క కుదిరింది, వేడి పెరిగేసరికి తప్పింది. జాగా ఆకారం అనుకున్నారు, విస్తీర్ణం అనుకున్నారు, అవీ నిలవలేదు. చివరికి తేలిందల్లా కూర్చునే చోటు ఉంటే జనం కూర్చుంటారన్నదే. ఇంత కష్టపడి కనుక్కున్నది ఇదా అని వైట్ తనమీద తానే నవ్వుకుంటాడు. ఆ నవ్వు వెనక విధానాన్ని మార్చే బలం ఉంది. 1975లో నగరం నియమాలు సవరించి, ప్లాజాలో ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు పొడవున కూర్చునే చోటు ఉండాలంది. ఇక కుర్చీని అంగుళమో రెండంగుళాలో జరిపి మరీ కూర్చునే మనుషుల దృశ్యం ఉంది. జాగాను మనిషి తనది చేసుకోవడం మీద ఎన్ని పేజీల సిద్ధాంతం చదివినా అంత తేటగా బుర్రకెక్కదు.

రెండో చిత్రం జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ నుంచి వచ్చింది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన మహిళా సంఘాల సభ్యులు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న రైతులు, బడి ముఖం చూడనివాళ్లు. సంస్థను నడిపిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్ ప్రొడ్యూసర్. 1975-76లో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు పంపిన ‘సైట్’ ప్రయోగం అనుభవం ఆయనకుంది. అక్కడ పల్లె చూస్తూ కూర్చుంది. పస్తాపూర్‌లో పల్లెకే కెమెరా ఇచ్చారు.

2002 మార్చిలో దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల విత్తనం పొట్లం 1,600 రూపాయలు. ఆ ఖరీఫ్‌లోనే ఈ స్త్రీలు వరంగల్ జిల్లా చేలలోకి వెళ్లారు. ఒక్కసారి చుట్టపుచూపుగా కాదు, పంట ఎదుగుతున్నకొద్దీ నెలనెలా అవే కుటుంబాల దగ్గరికి వెళ్లారు. మొక్క ఆశగా ఉన్నప్పుడు అడిగినవాళ్లే కాయ నిరాశపరిచినప్పుడూ అడిగారు. మందు ఎన్నిసార్లు కొట్టావు, ఎంత దిగుబడి వచ్చింది, అప్పెంత అన్న ప్రశ్నలు ఒక రైతు మరో రైతును అడిగినట్టే ఉంటాయి. 2003లో ఆ చిత్రం వచ్చింది. తర్వాత మరి రెండు సీజన్లూ వాళ్లు అదే దారిలో తిరిగారు.

పస్తాపూర్ స్త్రీలు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. కంటి ఎత్తులో తీస్తే సంఘం షాట్, పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. ఈ కొలత పెడితే వైట్ చిత్రంలో సగం పటేల్ షాటే. కింద కూర్చున్నవాళ్లకు తమను చూస్తున్నారని తెలియదు. తెలియదు కనుకే ఆ లెక్కలు నికార్సుగా ఉన్నాయన్నది నిజం. ఎవరూ అనుమతి ఇవ్వలేదన్నదీ నిజమే. పైగా మేడ మీది లెన్స్‌కు వచ్చినవాళ్లే చిక్కుతారు. ఆ ప్లాజా దాకా రానివాడు, వచ్చినా గార్డు చూపుకు జంకి వెనుదిరిగినవాడు లెక్కలోకి రాడు.

అలాగని చేలోని కెమెరాకు గుడ్డిచోటు లేదనుకోవద్దు. వైట్ తన ఊహను పరీక్షకు పెట్టాడు. పస్తాపూర్ చిత్రం తన నమ్మకాన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. జన్యుమార్పిడి విత్తనాలను సంస్థ ముందునుంచీ వ్యతిరేకిస్తోంది, అందులో దాపరికమేమీ లేదు. కానీ మాకు పర్వాలేదన్న రైతుకు ఇందులో దాదాపు చోటు దక్కలేదు. 2005లో కేంద్ర ఆమోద కమిటీ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, 2002లో అనుమతించిన మొదటి మూడు బీటీ రకాలకు అనుమతి పొడిగించలేదు. చిత్రం చూసినవాడు కథ అక్కడితో ముగిసిందనుకుంటాడు. కానీ వేరే బీటీ రకాలు వచ్చాయి, కొన్నేళ్లలోనే దేశంలో పత్తి విస్తీర్ణం తొంభై శాతం దాటి వాటికిందికే వెళ్లింది. అప్పులపాలైన ఆ రైతుల జిల్లాలోనే తర్వాత అందరూ అదే ఎందుకు వేశారన్న ప్రశ్న చిత్రం కంటే పెద్దది. తరగతికి అదే అసలు పాఠం.

అయినా రెండింటినీ తూచమంటే నా మొగ్గు పస్తాపూర్ వైపే. వైట్ దగ్గర నేర్చుకోవాల్సినది లెక్క, ఓపిక, తప్పిన ఊహను దాచకపోవడం. పత్తికొండ సంతలో టమాటా బండ్లను లెక్కపెట్టడానికి ఆ పద్ధతి చాలు. ధర పడిపోయి ఆ టమాటా రోడ్డుపాలైన రోజున రైతు మనసులో ఏముందో తెలియాలంటే మాత్రం వెళ్లి పక్కన కూర్చోవాలి, మళ్లీ వెళ్లాలి. మన కాలేజీ వీడియోల్లో కరవైంది ఈ రెండోసారి వెళ్లడమే. ఒక్క పూటలో తీసి, పాట కలిపి, వాట్సాప్‌లో పెట్టేస్తున్నారు. సిలబస్ ఒత్తిడి ఉందంటారు. ఉంది, కాదనను. మాస్టారూ, ఏడాదికి ఒక్క వీడియోనే తీయండి. అదే కుటుంబాన్ని విత్తేటప్పుడు, కోసేటప్పుడు, అమ్మేటప్పుడు కలవండి, వాళ్లను అడిగి తీయండి. మీ అంచనా తప్పిన చోటును కత్తిరించకుండా పిల్లలకు చూపించండి.