“ఎఱ్ఱకోడి” నాటకము – క్రియాఫలవిచారము

ఇంటికి నిప్పంటించుటను జర్మనుభాషయందు “కప్పుపై నెఱ్ఱకోడిని నిలుపుట” యందురు. ఎగయు జ్వాలకును గోడిజుట్టునకును గల సాదృశ్యమే యీ లక్షణకు మూలమని తోఁచుచున్నది. 1912లో నోబెల్ బహుమానము నందిన గెర్హార్ట్ హౌప్ట్‌మన్ ఈ పలుకుబడినే పేరుగాఁ గొని 1901లో నాలుగంకముల నాటకమును రచించెను. ఇది 1893 నాటి యాతని “బీవర్‌చర్మపుఁ గోటు” అను ప్రహసనమున కుత్తరకథ. అందు దొంగతనములు చేసి యధికారి కన్ను గప్పిన వోల్ఫ్ అను బట్టలుతుకు స్త్రీయే యిందుఁ జెప్పులు కుట్టు ఫీలిట్సునకు భార్యయై, బీమాధనమున కాసపడి స్వగృహదాహమునకుఁ బూనుకొనును. నింద మాత్రము పూర్వము పోలీసుభటుఁడైన రౌఖ్‌హౌప్ట్ కొడుకు, మందబుద్ధి గుస్తావుపైఁ బడును.

పూర్వనాటకమందలి హాస్యమిందు సన్నగిల్లినదని కొంద ఱాక్షేపింతురు. ఆ సన్నగిల్లుటయే యిందలి గుణమని నా మతము. అచ్చట నష్టపడినవాఁడు ధనికుఁడు. ఇచ్చటఁ జెడినవాఁడు నోరులేని నిర్దోషి. అట్టిచోఁ గడుపార నవ్వుట సహృదయలక్షణము గాదు.

కొన్ని ధాతువులకుఁ గ్రియాఫలము కర్తను జెందునపు డాత్మనేపదమును, ఇతరులఁ జెందునపుడు పరస్మైపదమును బాణిని విధించెను. తనకై యజ్ఞము చేయు యజమానునియెడ “యజతే”. పరునికై చేయు యాజకునియెడ “యజతి”. ఈ దృష్టితోఁ జూడ, బీమాకై యిల్లు గాల్చుట యాత్మనేపదక్రియ. అధికారియైన వేర్‌హాన్ ఫలమెవ్వరిదని విచారింపక, బుద్ధిహీనుఁడే చేసియుండునని నమ్మును. ఆతని దోషమిదియే.

అట్లని ఫలప్రాప్తినే హేతువుగాఁ గొనుటయుఁ దగదు. బీమా యనఁగా నష్టపూరణము. ఇల్లు గాలిన నిర్దోషికిని ధనము వచ్చును. పట్టుబడని దోషికిని వచ్చును. కావున “ధనము పొందెను గనుక నిప్పు పెట్టెను” అనునది సవ్యభిచారము. ఇంటి వెలను మించి బీమా చేయించెనా, దాహమునకు మున్నే విలువగల వస్తువులను దరలించెనా యను విశేషములు తోడైనఁగాని సందేహమునకు బలము రాదు. వచ్చినను నది విచారణకుఁ దొలిమెట్టే కాని నిశ్చయము గాదు.

హౌప్ట్‌మన్ గృహిణి తలంపును మనకు ముందే యెఱిఁగించెను. కావున మన మూహింపవలసినది లేదు. తప్పుటూహ యొక నిర్దోషి నేమి చేయునో చూడవలసియున్నది. తుద యంకమునఁ గ్రొత్త యిల్లు లేచుచుండఁగా నామె మరణించును. ఏ ఫలము నుద్దేశించి క్రియ చేయఁబడెనో యా ఫలము కర్తను జేరదు. దాని దుఃఖము మాత్రము గుస్తావునకును, వాని తండ్రికిని మిగులును.

పొగను జూచి నిప్పు నూహించుట తర్కమునఁ దొలిపాఠము. నిప్పును జూచి దానిని బెట్టిన మనుజు నూహించుట యెంత కష్టమో విద్యార్థులకుఁ దెలుప నీ నాటకము తగిన యుదాహరణము.