‘యార్డు’: ఒక ఆదాన పదం – అర్థవిస్తృతి

ఆంగ్లంలో మూడడుగుల కొలతకూ, ఆవరణకూ ‘యార్డు’ అనే అంటారు. నిజానికివి వేర్వేరు మూలాలుగల రెండు పదాలు: మొదటిదానికి మూలార్థం కర్ర, రెండవదానికి కంచె. తెలుగు కొలతను ‘గజం’కు అప్పగించి, ఆవరణను స్వీకరించింది. గుంటూరు, ప్రకాశం మిరప రైతుల వాడుకలో అది మరింత విస్తరించింది. ‘యార్డుకు తోలాం’లో స్థలం, ‘యార్డు రేటు’లో ఆనాటి ధర, ‘యార్డుకు సెలవు’లో క్రయవిక్రయాలు, ‘యార్డు ఛైర్మన్’లో పాలకసంస్థ. ‘ఆవరణ’ అని మాత్రమే చెప్పే నిఘంటువు ఈ నాలుగింటిలో మూడింటిని వదిలేస్తుంది.

ఒంగోలులో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, పదాలను వృత్తిదారుల నోటినుంచే సేకరించింది. ఆ పద్ధతి పొలం గట్టు దాటి మార్కెట్టు దాకా రావాలి. పంట విలువ తేలేది అక్కడే. అక్కడి మాటలను అన్యదేశ్యాలని తోసిపుచ్చితే రైతు బతుకులో సగం కోశానికి ఎక్కదు.