ప్రశ్న ఒకచోట, పని ఒకచోట

విద్యార్థి ప్రశ్నించి, పరిశీలించి నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం అంటుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివారి వద్ద పని నేర్వాలనీ, పై తరగతుల్లోనూ అట్టి అవకాశం ఉండవచ్చుననీ అంటుంది. వృత్తివిద్యపై చిన్నచూపు పోవాలనీ అంటుంది. మంచి మాటలే. కాని ప్రశ్న ఒక పేరాలో ఉంది, పని మరొక పేరాలో ఉంది. రెంటినీ కలిపే బాధ్యత ఉపాధ్యాయునిపై పడింది.

వడ్రంగి పచ్చి కలపతో తలుపు చేయడు, ముందు ఆరబెడతాడు. ఎందుకని? తేమ పోయేకొద్దీ కలప కుంచించుకుపోతుంది, వంకరపోతుంది. ఇది విజ్ఞానశాస్త్రం. తలుపు ధరలో అతని కూలి ఎంత? ఇది గణితం, అర్థశాస్త్రం కూడా. ఈ పనిలోకి ఎక్కువగా కొన్ని కులాల పిల్లలే ఎందుకు వస్తున్నారు? ఇక్కడ బడి మౌనం వహిస్తుంది. అసలు పరిశోధన మొదలు కావలసింది ఇక్కడే.

1937 నాటి వార్ధా పథకం చేతిపనినే బోధనా మాధ్యమం చేయబూనింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం విద్యలో అంతర్భాగం కావాలన్నది. అయినా మన బడుల్లో పని చాలావరకు ఒక పీరియడుగానే మిగిలింది.

నేనే ఉద్యోగానికి పనికివస్తానని విద్యార్థి అడగడం సహజమే. నా పని ఎవరికి పనికివస్తుంది, దాని ఫలం ఎవరికి దక్కుతుంది అని కూడా అడగడం బడి నేర్పాలి. అది నేర్పనంతకాలం ఆ పది రోజులు విహారయాత్రే.