గుడ్‌నైట్ చెప్పి వెళ్ళిపోయేవాడి నడక

హైటెక్ సిటీలో మనం పాటల్ని పనుల్ని బట్టి వెతుక్కుంటాం. కోడ్ రాసుకోడానికి ఒక ప్లేలిస్టు, నిద్రకి ఒకటి, బ్రేకప్‌కి ఒకటి. షూబర్ట్ పాట ‘గూటె నాఖ్ట్’ని ఆ మూడో దాంట్లో పడేయడం చాలా తేలిక. మైనర్ కీ, తప్పిపోయిన పెళ్ళి, మంచు, అర్ధరాత్రి. అన్నీ అతికినట్టు సరిపోతాయి. నా పేచీ దాంతోనే. ‘శాడ్’ అని చీటీ అంటించాక ఈ పాటలో జరుగుతున్నది మన చెవికి ఎక్కదు.

‘గూటె నాఖ్ట్’ అంటే గుడ్‌నైట్. విల్‌హెల్మ్ మ్యూలర్ కవితలకి షూబర్ట్ 1827లో బాణీ కట్టిన ‘వింటర్‌రైజె’ (శీతాకాల ప్రయాణం) అనే 24 పాటల మాలలో ఇది మొదటిది. మరుసటి ఏడాది నవంబర్‌లో షూబర్ట్ పోయాడు. అప్పటికి అతనికి 31 ఏళ్ళు. పాటలో కథ చిన్నదే. పరాయివాడిగా ఆ ఊరొచ్చిన కుర్రాడు పరాయివాడిగానే వెళ్ళిపోతున్నాడు. పిల్ల ప్రేమ అంది, తల్లి పెళ్ళి దాకా వచ్చింది, తర్వాత ఏమైందో అతను చెప్పడు. ఆమె నిద్ర చెడకుండా తలుపు మెల్లగా వేసి, గేటు మీద గుడ్‌నైట్ అని రాసి దారి పడతాడు.

పాట ఎంత వేగంగా పాడాలో షూబర్ట్ ఒక్క మాటలో చెప్పాడు: మితంగా. చేతిరాత ప్రతిలో అయితే ‘నడక కదలికలో’ అని కూడా రాసుకున్నాడు. పియానో మొదటి నుంచీ ఒకే తూకంతో అడుగులేస్తూ ఉంటుంది. గొంతు రాకముందే నడక మొదలైపోయింది, గొంతు ఆగాక కూడా కాసేపు సాగుతుంది. అంటే మనం వినే మనిషి కూచుని బాధపడటం లేదు. నడుస్తూ మాట్లాడుతున్నాడు. మూడో చరణంలో, తరిమేసేదాకా ఇక్కడెందుకుండాలి అని కోపం వచ్చినప్పుడు కూడా ఆ అడుగు తడబడదు.

మన క్షేత్రయ్య పదం పక్కన పెట్టి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. పదం చౌక కాలంలో నడుస్తుంది. ఒక్క మాట దగ్గర ఆగి, దాన్ని పదిరకాలుగా తిప్పి, నాయిక మనసులో ఉన్నదంతా బయటికి తీసే వీలు అభినయించేవాళ్ళకి ఇస్తుంది. అక్కడ కాలం నాయిక కోసం ఆగుతుంది. ఇక్కడ కాలం ఈ కుర్రాడి కోసం ఆగదు, అతనూ ఆగమని అడగడు. అందుకే ప్రతి పాదం చివరా నిట్టూర్చి సాగదీసే గాయకులంటే నాకు సరిపడదు. ఎంత అందమైన గొంతైనా సరే, అలా పాడినప్పుడు వెళ్ళిపోతున్న మనిషి మాయమై, జాలి కోసం గుమ్మంలో నిలబడ్డవాడు మిగులుతాడు.

ఇక కీ సంగతి. పాట అచ్చులో డి మైనర్‌లో ఉంటుంది. డి మైనర్ అంటేనే విషాదం అనే మాట తరచూ వినిపిస్తుంది. కానీ ఫిషర్-డీస్కావ్ లాంటి బారిటోన్‌లు ఈ మాలని తమ గొంతుకి తగ్గట్టు కిందికి దించే పాడారు. షూబర్ట్ కూడా ఈ మాలలోని చివరి పాటని బి మైనర్‌లో రాస్తే, అది అచ్చులోకి ఎ మైనర్‌లో వచ్చింది. శ్రుతి ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్ళు పెట్టుకునే సంగీతం మనది కాబట్టి, ఇది మనకి వింత అనిపించకూడదు. భావం షడ్జమం ఎక్కడుందన్న దాంట్లో లేదు. షడ్జమం నుంచి మిగతా స్వరాలు ఎంత దూరంలో ఉన్నాయన్న దాంట్లో ఉంది.

నాలుగో చరణంలో షూబర్ట్ కదిపింది ఆ దూరాన్నే. షడ్జమం అక్కడే ఉంటుంది, గాంధారం అర మెట్టు పైకి జరుగుతుంది. మన లెక్కలో సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం వస్తుంది. గమకాల సంగతి పక్కన పెట్టి స్వరాలే చూస్తే, నఠభైరవి మెట్ల మీది నుంచి శంకరాభరణం మెట్ల మీదికి వచ్చినట్టు. పాఠం ప్రకారం మేజర్ అంటే సంతోషం. కానీ ఇది ఆమె నిద్ర చెడగొట్టనని అతను మాటిచ్చే చోటు. పాట మొత్తంలో గొంతు పట్టుకునేది ఇక్కడే. మూడు చరణాల మైనర్ తర్వాత వచ్చింది కాబట్టి ఆ వెలుగు అతనిది కాదనీ, లోపల నిద్రపోతున్న ఆమె కోసం తెచ్చిపెట్టుకున్నదనీ తెలుస్తుంది. దీన్ని సంతోషమనో దుఃఖమనో అనలేను. మర్యాద అంటాను.

ఈ మర్యాద రాయదుర్గం, గచ్చిబౌలి వైపు బతికేవాళ్ళకి బాగా తెలుసు. ఉద్యోగం పోయినరోజు సాయంత్రం టీమ్ గ్రూపులో అందరి పేర్లూ గుర్తుపెట్టుకుని థాంక్స్ రాసి, చివర్న ఓ స్మైలీ పెట్టి, లాప్‌టాప్ అప్పజెప్పేసి వెళ్ళేవాళ్ళని చూశాను. తెల్లారుజామున రూమ్మేట్లు లేవకుండా ట్రాలీ చక్రాలు నేలకి తగలనీయకుండా ఎత్తి పట్టుకుని హాస్టల్ మెట్లు దిగేవాళ్ళనీ చూశాను. వాళ్ళ మెసేజీ చదివితే అంతా మేజర్‌లోనే ఉంటుంది. దాన్ని సంతోషమనుకుని లైక్ కొట్టడం ఎంత పొరపాటో, ఏడుపనుకుని ఓదార్చబోవడమూ అంతే. రెండు చోట్లా మనిషి తన బరువు ఎదుటివాళ్ళ మీద పడకుండా జాగ్రత్తపడుతున్నాడు. ఆ జాగ్రత్తకి ఎంత ఖర్చవుతుందో వినిపించడమే ఈ పాట చేసే పని.

షూబర్ట్ ఆ ఖర్చు దాచలేదు. నిన్నే తలుచుకున్నానని చెప్పే చివరి మాటల్ని మేజర్‌లో పాడించి, మళ్ళీ చెప్పించేటప్పుడు గాంధారాన్ని పాత చోటికే దించేస్తాడు. ఆమెకి చెప్పాల్సింది అయిపోయింది. ఇప్పుడతను ఒక్కడే. ఈసారి వినేటప్పుడు లిరిక్స్ అనువాదం పక్కన పెట్టండి. పియానో అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. ఆ చివరి గాంధారం దిగే చోట అడుగు ఆగుతుందేమో చూడండి. ఆగదు. ఇంకా 23 పాటల దూరం ఉంది.