తైక్వాండో వయసెంత?

తైక్వాండో బెల్టు పరీక్షల్లో పిల్లల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ విద్య ఎంత పాతది? రెండు వేల ఏళ్లు అంటే మార్కు పడుతుంది. గొగుర్యో రాజుల కాలపు సమాధుల గోడల మీద ఈ భంగిమలు ఉన్నాయనీ, సిల్లా రాజ్యపు హ్వారాంగ్ అనే యువ వీరులు సాధన చేసింది ఇదేననీ కలిపి చెబితే మాస్టరు మెచ్చుకుంటారు. ఈ జవాబు తప్పు. తైక్వాండో అనే పేరు పుట్టి డెబ్బై ఏళ్లయింది. ఆ పేరు కిందికి చేరిన సాధన కొరియాలో మొదలై ఎనభై ఏళ్లు దాటింది. లెక్క అంతే. ఈ వయసు చెబితే విద్య విలువ తగ్గిపోతుందని చాలామంది భయం. తగ్గదనీ, నిజానికి దాని గొప్పతనం ఎక్కడుందో తెలిసేది ఈ లెక్క ఒప్పుకున్నాకేననీ నా అభిప్రాయం. ఈ మాట రైలు మీద బతికే బిలాస్‌పూర్‌లో చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ విద్యకు పునాది వేసిన బడుల్లో ఒకటి రైల్వే వాళ్ల మధ్యే పుట్టింది.

ముందు పాత ఆధారాలు చూద్దాం. కొరియాలో పూర్వం వట్టిచేతుల పోరు లేదని ఎవరూ అనలేరు. గొగుర్యో సమాధులున్న జియాన్ ఇప్పుడు చైనాలో ఉంది. అక్కడి ముయోంగ్‌చోంగ్ సమాధిలోని ఒక బొమ్మలో ఇద్దరు మగవాళ్లు చేతులు చాచి ఎదురెదురుగా నిలబడి ఉంటారు. వాళ్లు కలబడుతున్నారా, ఆడుతున్నారా, నాట్యం చేస్తున్నారా అనేది బొమ్మను బట్టి తేలదు. హ్వారాంగ్‌ల గురించి 1145లో కిమ్ బుసిక్ కూర్పు చేసిన సమ్‌గుక్ సాగీ చెబుతుంది. వాళ్లు కొండలూ ఏరులూ తిరిగారనీ, పాటతో, సంగీతంతో, నీతి బోధతో పెరిగారనీ, యుద్ధాల్లో ప్రాణాలిచ్చారనీ అందులో ఉంది. కాలు ఎలా ఎత్తేవారో, పిడికిలి ఎలా పట్టేవారో మాత్రం లేదు. గోర్యో కాలానికి వస్తే ఆధారం గట్టిపడుతుంది. 1170లో రాజు ఉయిజోంగ్ ఎదుట సుబాక్ అనే వట్టిచేతుల పోటీ జరిగింది. వయసు మీదపడిన ఒక సేనాని తట్టుకోలేక వెనక్కి తగ్గితే, ఒక పౌర అధికారి ఆయన చెంప పగలగొట్టాడు. ఆ అవమానంతో రగిలిన సైనికులు తిరగబడి రాజునే దించేశారు. అంటే సుబాక్ ఉంది, దానికి రాజసభలో చోటూ ఉంది. తర్వాతి కాలంలో టేక్యోన్ అనే పోరాట ఆట ఉంది. 1846లో యు సుక్ గీసిన చిత్రంలో జనం గుమిగూడి టేక్యోన్, కుస్తీ చూస్తుంటారు. ఆ ఆటను చేత్తో పట్టుకుని ఇరవయ్యో శతాబ్దం దాటించిన మనిషి సాంగ్ డక్‌గీ. 1893లో పుట్టి 1987 దాకా బతికాడు. దక్షిణ కొరియా ప్రభుత్వం 1983లో టేక్యోన్‌ను సాంస్కృతిక సంపదగా గుర్తించింది, యునెస్కో 2011లో తన జాబితాలో చేర్చింది. ఇదంతా నిజమే. కానీ ఒక ఊళ్లో పాత బావి ఉన్నంత మాత్రాన ఇవాళ కుళాయిలో వచ్చే నీళ్లు ఆ బావివే అనలేం. గొట్టం ఎక్కణ్ణుంచి వస్తోందో తవ్వి చూడాలి.

తవ్వితే ఆ గొట్టం జపాన్ వైపు పోతుంది. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో నలిగింది. చదువు కోసం టోక్యో వెళ్లిన కొరియా కుర్రాళ్లు కొందరు అక్కడ కరాటే నేర్చుకున్నారు. లీ వోన్‌కుక్ చువో యూనివర్సిటీలో చదువుతూ కరాటే గురువు ఫునాకోషి గిచిన్ దగ్గర శిష్యరికం చేసి, 1944లో సియోల్‌లో చుంగ్ దో క్వాన్ తెరిచాడు. క్వాన్ అంటే బడి, మన పాత మాటలో గరిడీ. హ్వాంగ్ కీ దారి వేరు. ఆయన రైల్వే ఉద్యోగి. మంచూరియాలో రైల్వేలో పనిచేసి, తర్వాత సియోల్‌లోని రైల్వే కార్యాలయంలో చేరాడు. ఆ కార్యాలయపు లైబ్రరీలో ఒకినావా కరాటే మీద జపనీస్ పుస్తకాలు దొరికితే చదివి సాధన చేశానని పెద్దవాడయ్యాక ఆయనే రాసుకున్నాడు. విముక్తి వచ్చిన మూడు నెలలకు, 1945 నవంబరులో, యోంగ్సాన్‌లోని రైల్వే ప్రాంగణంలో మూ డక్ క్వాన్ మొదలుపెట్టాడు. తొలి శిష్యుల్లో ఎక్కువమంది రైల్వే వాళ్లే. తన విద్యకు మొదట హ్వా సూ దో అని పేరు పెడితే జనం రాలేదు. అప్పటికే జనానికి తెలిసిన టాంగ్ సూ దో అనే పేరు పెట్టాక వచ్చారు. ఆ బడి శాఖలు స్టేషన్ వెంట స్టేషన్‌లో వెలిశాయి. బిలాస్‌పూర్ పాఠకులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బదిలీ ఆర్డరు చేతపట్టుకుని మనిషి పెట్టె సర్దుకుంటే, ఆ పెట్టెతో పాటు అతని ఆట, భజన, దేవత, వంట అన్నీ తర్వాతి స్టేషన్‌లో దిగుతాయి. కొరియాలో పిడికిలీ అలాగే దిగింది.

మాటల్లో ఇది తెలిసిపోతుంది. టాంగ్ సూ దో అనేది కొత్త పేరు కాదు. కరాటేను ఒకప్పుడు 'చైనా చెయ్యి' అనే అర్థం వచ్చే చీనీ అక్షరాలతో రాసేవారు. ఆ అక్షరాలనే కొరియా ఉచ్చారణలో చదివితే టాంగ్ సూ. తర్వాత జపాన్ వాళ్లు దాన్ని 'వట్టి చెయ్యి'గా మార్చి రాశారు. దాన్ని కొరియా వాళ్లు చదివితే కోంగ్ సూ, కొన్ని బడులు ఆ పేరే పెట్టుకున్నాయి. జపాన్ వాళ్ల దోజో కొరియాలో దోజాంగ్. హాప్కిడో, ఐకిడో రెండూ రాతలో ఒకే మూడు అక్షరాలు. పేర్లు కాకతాళీయం అనుకునేవాళ్లు అడుగులు చూడాలి. ఒకినావాలో ఇతోసు అంకో ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బడిపిల్లల కోసం కూర్చిన కదలికల వరసల్లో ఒకదాన్ని జపాన్‌లో హేయాన్ షోదాన్ అంటారు. నిలబడి, ఎడమకు తిరిగి, ఎడమ ముంజేత్తో కింది దెబ్బను కాచుకోవడం. కుడికాలు ముందుకు వేసి కుడి పిడికిలితో గుద్దు. వెనక్కి పూర్తిగా తిరిగి కుడి ముంజేత్తో మళ్లీ కింది కాపు, ఎడమ అడుగుతో ఎడమ గుద్దు. ఇప్పుడు మన పిల్లలు తెల్ల బెల్టులో నేర్చుకునే తేగూక్ మొదటి వరస చూడండి. ఎడమకు తిరిగి కింది కాపు, అడుగేసి కుడి గుద్దు, వెనక్కి తిరిగి కింది కాపు, అడుగేసి ఎడమ గుద్దు. నిలుపు పొట్టిదైంది, నడక సహజమైంది, మధ్యలో ఒకటీ అరా కదలిక తగ్గింది. ఎముకలు అవే. ఈ వరస కూర్చింది 1970ల మొదట్లో, సిల్లా కాలంలో కాదు.

మరి కొరియా వాళ్లు చేసిందేమిటి? చాలా చేశారు, అదంతా తేదీలతో సహా దొరుకుతుంది. జపాన్‌లోనే కరాటే నేర్చిన సైన్యాధికారి చోయ్ హాంగ్‌హీ 1955లో తైక్వాండో అనే పేరు ప్రతిపాదించాడు. కాలు, పిడికిలి, మార్గం అని దాని అర్థం. అన్ని బడులూ వెంటనే ఒప్పుకోలేదు. 1961లో ఆ బడుల సంఘం పేరు తేసూదోగా మారింది, 1965లో మళ్లీ తైక్వాండో అయింది. అంతకంటే పెద్ద మార్పు పోటీ బరిలో వచ్చింది. ఛాతీకి హోగూ కవచం తొడిగించి, గట్టిగా తగిలిన దెబ్బకే పాయింటు ఇచ్చే పద్ధతి పెట్టారు. దాంతో చేతి విద్య కాలి విద్యగా మారింది. నడుము తిప్పి తలెత్తుకు లేపే తన్నులు, గాల్లో తిరిగి వేసే తన్నులు, రెండు మూడు వరసగా దించే తన్నులు ఆ తర్వాతి ఏళ్లలో పదునెక్కాయి. టేక్యోన్ వాసన ఇక్కడ ఎంతోకొంత ఉండొచ్చని కొందరంటారు. ఉంటే సంతోషమే. 1972లో తైక్వాండో కేంద్రంగా కుక్కివోన్ కట్టారు, 1973లో ప్రపంచ సమాఖ్య పెట్టారు, 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా చూపించారు, 2000లో సిడ్నీలో పతకాల క్రీడ చేశారు. ఏలినవాడి చేతిలోని విద్యను తీసుకుని, అర్ధ శతాబ్దంలో దాని రూపు మార్చి, ప్రపంచానికి నేర్పిన జాతి ఇంకోటి చూపించమంటే కష్టం. రెండు వేల ఏళ్ల కథ చెబితే ఈ శ్రమ అంతా దాని వెనక కనపడకుండా పోతుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. పేర్లూ భాషా మార్చుకోమని జపాన్ బలవంతం చేసిన జాతి, స్వాతంత్ర్యం వచ్చాక తన మూలాన్ని తన నేలలోనే వెతుక్కుంటే తప్పేమిటని. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే, నేను దాన్ని తక్కువ చేయను. కానీ కొరియా పూర్వీకులే దీనికి మంచి జవాబు రాసిపెట్టారు. రాజు జోంగ్జో ఆజ్ఞ మీద 1790లో యి డోక్‌ము, పాక్ జేగా, బేక్ డోంగ్‌సు కలిసి మూయే దోబో తోంగ్జీ అనే గ్రంథం తెచ్చారు. గుర్రం మీద చేసేవి కలుపుకుని 24 విద్యలు, బొమ్మలతో సహా అందులో ఉన్నాయి. 1592లో మొదలైన జపాన్ దండయాత్రలో దేశం బూడిదైన జ్ఞాపకం ఇంకా పోలేదు. అయినా ఆ గ్రంథంలో ఒక అధ్యాయం పేరు జపాన్ కత్తి. కిమ్ చేగన్ అనే సైనికుడు జపాన్ వెళ్లి దాన్ని నేర్చుకొచ్చాడని కూడా రాశారు. పిడికిలి విద్యకు చైనా సేనాని చీ జిగువాంగ్ పుస్తకం ఆధారమని దాచలేదు. శత్రువు దగ్గర నేర్చుకున్నదాన్ని శత్రువు పేరుతోనే రాసుకోవడం వాళ్లకు చిన్నతనం అనిపించలేదు. హ్వాంగ్ కీ 1957లో ఈ గ్రంథం చూశాకే తన విద్యకు సుబాక్ పేరు కలుపుకున్నాడు. పేరు తీసుకున్నవాడు ఆ గ్రంథపు నిజాయితీని కూడా తీసుకుని ఉంటే ఎంత బాగుండేది!

పిల్లలకు ఉత్సాహం కలిగించే కథ, పోనీలెండి అనేవాళ్లూ ఉన్నారు. కథ మీద నాకు కోపం లేదు. మన ఊరి పేరు వెనక బిలాసా కేవటిన్ కథ ఉంది. జనం దాన్ని ప్రేమగా చెప్పుకుంటారు, విమానాశ్రయానికీ ఆమె పేరే పెట్టుకున్నారు. అది జానపద కథగా నిలిచింది, ఎవరూ దానికి పరీక్షలో మార్కులు వేయరు. కథను చరిత్ర అని నేర్పినప్పుడే చిక్కు. ఒక తప్పు ఇంకో తప్పుకు దారి తీస్తుంది. కాంచీపురం బోధిధర్ముడు చైనా వెళ్లి నేర్పితేనే తూర్పు దేశాల పోరాట విద్యలన్నీ పుట్టాయని మన దేశంలో గట్టిగా నమ్ముతారు. ఆయనకు అంటగట్టిన యీ జిన్ జింగ్ గ్రంథం 17వ శతాబ్దానిది. చైనా చరిత్రకారుడు తాంగ్ హావ్ 1930లోనే ఆ నమ్మకాన్ని పరిశీలించి కొట్టేశాడు. కొరియా తనదే మూలం అంటుంది, మనం మనదే మూలం అంటాం. ఇద్దరి మధ్యా ఒకినావాలో పిల్లల కోసం వరసలు కూర్చిన ఇతోసు పేరు ఎవరూ ఎత్తరు.

మన సాము సంగతే చూడండి. గురువును వస్తాదు అన్నాం, అది పారశీకపు ఉస్తాద్. సాధన చేసే చోటును తాలింఖానా అన్నాం, ఆ మాటా అటునుంచి వచ్చిందే. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో కండ పెంచి, సర్కసు కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని పేరు తెచ్చుకున్నాడు. సర్కసు పరదేశపు ప్రదర్శన, బలం ఆయనది. అది కలగలుపు విద్య అని ఉత్తరాంధ్రలో ఆయన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఆ జిల్లాల నుంచే మన పెద్దలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ చేరారు. 1887లో ఏర్పడిన ఆ రైల్వే కంపెనీ ఆంగ్లేయులది. పట్టాలు వాళ్లు వేయించారు, బతుకు మనం కట్టుకున్నాం. 2003 నుంచి ఒక రైల్వే జోన్‌కు బిలాస్‌పూరే కేంద్రం. ఈ రైలు మనది అనడానికి దాని పుట్టుక మార్చి చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మాస్టర్లకు నా విన్నపం ఒకటే. వచ్చే బెల్టు పరీక్షలో వయసు ప్రశ్న తీసేయకండి, జవాబు మార్చండి. ఇతోసు, ఫునాకోషి, లీ వోన్‌కుక్, హ్వాంగ్ కీ, చోయ్ హాంగ్‌హీ అనే ఐదు పేర్లు పిల్లల చేత వరసగా చెప్పించండి. రైల్వే కాలనీ పిల్లలకు యోంగ్సాన్ ఎక్కడుందో పటంలో చూపించండి.