చీకటి ఎవరికి అందం?

జపాన్ పల్లెల్లో పాడుబడిన ఇంటిని కొనుక్కుని బాగుచేసుకున్న విదేశీయుల అనుభవాలు ఇప్పుడు ఒక సాహిత్య శాఖ అనదగినన్ని వచ్చాయి. కథ ఇంచుమించు ఒకటే. ఖాళీ ఇల్లు, కారుతున్న కప్పు, పక్కింటి ముసలివాళ్ల దయ, తుడిచేకొద్దీ మెరిసే నల్లటి దూలాలు. వీటిలో బాగా పేరున్న పుస్తకం అలెక్స్ కెర్ రాసిన 'లాస్ట్ జపాన్'. ఆయన అమెరికన్ అయినా దాన్ని మొదట జపనీస్‌లోనే రాశాడు. 1993లో వెలువడిన ఆ పుస్తకానికి 1994లో షించో గకుగేయి బహుమతి వచ్చింది. 1996లో ఇంగ్లీషులోకి వచ్చింది.

1973లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, కెర్ షికోకు దీవిలోని ఇయా లోయలో దాదాపు మూడు వందల ఏళ్లనాటి గడ్డికప్పు ఇల్లు కొన్నాడు. దానికి చీయోరి అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఇంటిమీద ఆయన ప్రేమని నేను శంకించడం లేదు. కాంక్రీటు కింద నలిగిపోతున్న కొండల గురించి, నదుల గురించి ఆయన పడే బాధ నిజమైనదే. నన్ను ఆపేసింది పుస్తకంలో చాలా కొద్ది చోటు మాత్రమే దొరికిన ఒక అమ్మాయి.

ఆ ఇంట్లో వెనకటి మనుషులు వదిలేసి వెళ్లిన వస్తువుల మధ్య కెర్‌కి ఒక డైరీ దొరికింది. తాత, మామ్మల దగ్గర పెరిగిన అమ్మాయి రాసుకున్నది. ఇయాలోని పేదరికం, ఇంట్లోని చీకటి, పట్నం వెళ్లాలన్న తపన - ఇవీ అందులోని సంగతులు. ఆమెకి పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి డైరీ ఆగిపోతుంది. ఇల్లు వదిలి పారిపోయింది.

ఆమె ఏ చీకటి నుంచి పారిపోయిందో, ఆ చీకటినే వెతుక్కుంటూ ఆయన వచ్చాడు. ఒకే గది, ఒకే దూలాలు, ఒకే మసి. ఆమెకది ఊపిరాడనితనం, ఆయనకది సౌందర్యం. ఈ రెండు చూపుల మధ్య దూరం గురించి పుస్తకం ఆగి ఆలోచిస్తుందని చూశాను. ఆగదు. డైరీ ఇంటి కథలో ఒక ఆసక్తికరమైన వస్తువుగా మిగిలిపోయి, ఇంటి అందం ముందుకు నడుస్తుంది.

చీకటిని సౌందర్యంగా చూడడం కెర్‌తో మొదలైంది కాదు. తనిజాకి జునిచిరో 1933లో నీడల్ని మెచ్చుకుంటూ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఉంది. అందులో పాతకాలపు స్త్రీలు చీకటి గదుల్లో ముఖం, చేతులు మాత్రమే కనిపించేవాళ్లు. తన తల్లి గురించి కూడా ఆయనకి అంతే జ్ఞాపకం, ఆమె శరీరం గుర్తులేదు. ఆ శరీరం పగలంతా ఏం చేసిందన్న ప్రశ్న ఆ వ్యాసానికి రాదు.

ఆ ఇళ్లలో గది మధ్య నేలలో పొయ్యి ఉంటుంది. ఇరోరి అంటారు. పొగగొట్టం ఉండదు. పొగ పైకెక్కి దూలాలకి మసి పట్టిస్తుంది, గడ్డికప్పుకి పురుగు పట్టకుండా కాపాడుతుంది. అంటే ఇల్లు నిలబడింది పొగవల్లే. మరి ఆ పొగని రోజూ రాజేసిందెవరు? ఎవరి కళ్లు మండాయి? మా అమ్మమ్మ కట్టెలపొయ్యి ముందు కళ్లు తుడుచుకుంటూ ఊదుగొట్టంతో ఊదేది. సెలవులకొచ్చిన మావయ్యలు ఆ పొయ్యిమీద కూరకి ఎంత రుచో అనేవాళ్లు. రుచి అబద్ధం కాదు. కానీ ఆ మాట అనగలిగిన వాళ్లెవరూ పొయ్యి ముందు కూర్చున్న వాళ్లు కాదు.

పారిపోయిన అమ్మాయి ఒక్కతే కాదు. 2014లో జపాన్‌లో మసుదా హిరోయా ఆధ్వర్యంలో వచ్చిన నివేదిక 896 మున్సిపాలిటీలు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయంది. దానికి వాళ్లు పెట్టుకున్న కొలత: 2010 నుంచి 2040 లోపు 20-39 ఏళ్ల స్త్రీల సంఖ్య సగానికి సగం పడిపోవడం. ఊరు బతకడానికి స్త్రీలు కావాలి కాబట్టి లెక్కపెట్టారు. ఎందుకు వెళ్లిపోతున్నారన్నది ఆ లెక్కలో పట్టదు. 2023 సర్వే ప్రకారం జపాన్‌లో సుమారు 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. పట్నాల్లోవీ అందులో ఉన్నాయి, కారణాలూ అనేకం. కానీ పల్లెలో ఖాళీ ఇంటి కథ మాత్రం చాలాసార్లు ఒక స్త్రీ గడప దాటడంతోనే మొదలవుతుంది.

ఆ ఖాళీలోకి వేరే విదేశీయులు కూడా వచ్చారు. 1985లో యమగత ప్రాంతంలోని అసాహి పట్టణం, పెళ్లికాని రైతుల కోసం అధికారుల చొరవతోనే ఫిలిప్పీన్స్ నుంచి పెళ్లికూతుళ్లని తెచ్చుకుంది. ఆ దశాబ్దం చివర్లో ఇయా లోయ కూడా అదే దారి పట్టింది. వీళ్లు కూడా విదేశీయులే, పాత ఇళ్లని నిలబెట్టినవాళ్లే. ముసలి అత్తమామలకి చాకిరీ చేసి, పిల్లల్ని కని, పొయ్యి ఆరకుండా చూశారు. వీళ్లని సంస్కృతి పరిరక్షకులని ఎవరూ అనలేదు. ఇల్లు కొన్నవాడు రచయిత అయ్యాడు, ఇంటికి కోడలై వచ్చినామె కోడలుగానే మిగిలింది. దీనికి మినహాయింపుగా నాకు తెలిసిన ఒక పుస్తకం రెబెక్కా ఒటోవా 2010లో ప్రచురించిన 'ఎట్ హోమ్ ఇన్ జపాన్'. ఆమె క్యోటో దగ్గరి పల్లెలో 350 ఏళ్ల ఇంటికి కోడలిగా వెళ్లిన తెల్ల స్త్రీ. ఆ పుస్తకంలో ఇల్లు అందమైన వస్తువు కాదు, రోజూ తీరని పని. ఇంగ్లీషు చేతిలో ఉండబట్టి ఆమె రాయగలిగింది, ప్రచురణకర్త దొరికాడు. ఫిలిప్పీన్స్ కోడళ్లకి ఆ వీలు ఎంతమందికి ఉంది?

చీయోరిని మళ్లీ పూర్తిగా బాగుచేసి 2012లో అతిథుల కోసం తెరిచారు. ఇప్పుడు అక్కడ నేల వెచ్చగా ఉంటుంది. మంచి వంటగది, స్నానాలగది ఉన్నాయి. బయటి మనుషులు వచ్చి డబ్బు ఖర్చుపెడితే లోయలోని వాళ్లకి బతుకు దొరుకుతుందన్న ఆలోచన మంచిదే. కానీ ఇవన్నీ 1950లలో ఉండి ఉంటే, ఆ అమ్మాయి ఉండిపోయేదేమో! సౌకర్యం ఉంటే పాత ఇంటి అందం చెడిపోదని ఇప్పుడు తేలింది. అయితే అది తేలింది ఆమె కోసం కాదు, రాత్రికింతని అద్దె కట్టేవాళ్ల కోసం.

కెర్ ఆ డైరీని పారేయలేదు, దాని గురించి రాశాడు. అందుకు కృతజ్ఞత చెప్పాల్సిందే. ఆయన రాయకపోతే ఆమె రాసిందని కూడా మనకి తెలిసేది కాదు. అయినా నాకు ఒక కోరిక మిగిలిపోయింది. ఆయన పుస్తకంలో కొన్ని వాక్యాలుగా కాకుండా, ఆమె పుస్తకంగా ఆ డైరీని చదవాలని. పోగొట్టుకున్న జపాన్ గురించి ఆయన చెప్పినది విన్నాం. అక్కడ తను ఏం పోగొట్టుకుందో ఆమె అప్పటికే రాసి పెట్టింది.